చక్రమా, ప్రవాహమా? – తెలుగు పర్యావరణ విమర్శలో శక్తి భావన

తెలుగు సాహిత్య విమర్శలో 'పర్యావరణ' అనే విశేషణం ఇప్పుడు స్థిరపడింది. పర్యావరణ కవిత్వం, పర్యావరణ కథ, పర్యావరణ స్పృహ అన్న శీర్షికలతో వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు వస్తున్నాయి. వీటిలో తరచుగా కనిపించే పద్ధతి ఒకటుంది. రచనలో వచ్చిన చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, వాగుల పేర్లు ఏరి వరుసగా పేర్చడం, అవి ఇప్పుడు లేవని చెప్పడం, ప్రకృతి చక్రం తెగిపోయిందని వాపోవడం. జాబితా వల్ల ప్రయోజనం లేదని అనను. పేరు మరచిపోయిన పిట్టను విమర్శకుడు గుర్తు చేయడం కూడా పనే. నా అభ్యంతరం చివరి మాట మీద, అంటే 'చక్రం' మీద.

ఆవరణ శాస్త్రం ప్రకృతిలో రెండు వేర్వేరు కదలికలను గుర్తిస్తుంది. పదార్థం తిరుగుతుంది. నీరు, నత్రజని, భాస్వరం, కర్బనం జీవి నుంచి నేలకు, నేల నుంచి జీవికి మళ్లీ మళ్లీ చేరుతాయి. శక్తి మాత్రం తిరగదు. అది ఎండగా వచ్చి, ఆకులో కొంత నిలిచి, తిన్నవాటి ఒంట్లో కొంత ఖర్చయి, చివరికి వేడిగా మారి వెళ్లిపోతుంది. మొదటిదానికి చక్రం సరైన ఉపమానం. రెండోదానికి ప్రవాహం అన్న మాటే తగుతుంది. మన విమర్శ ఈ రెంటినీ ఒకే మాటలో కలిపేసింది. దీన్ని పరిభాషలో జరిగిన పొరపాటుగా మాత్రమే చూడలేం. ఏది పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, ఏది పోతే తిరిగి రాదు అన్న విచక్షణ ఈ కలగలుపులో పోయింది. తెలుగు పాటనూ కథనూ చదివేటప్పుడు ఆ విచక్షణ ఎందుకు కావాలో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

శక్తి లెక్క

జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1866లో 'ఎకాలజీ' అన్న మాటను సృష్టించాడు. ఇల్లు అనే అర్థమున్న గ్రీకు పదం దానికి మూలం. 1927లో చార్లెస్ ఎల్టన్ ఆహారపు గొలుసును, పైకి పోయేకొద్దీ జీవుల సంఖ్య తగ్గే పిరమిడ్‌ను వివరించాడు. 1935లో ఆర్థర్ టాన్స్‌లే 'ఎకోసిస్టమ్' అన్నాడు. మన పాఠ్యపుస్తకాలు దాన్ని ఆవరణ వ్యవస్థ అన్నాయి. జీవులతో పాటు మట్టి, నీరు, గాలి, ఎండ కూడా ఒకే వ్యవస్థలోని భాగాలన్నది అతని వాదం. ఇవన్నీ కలిసి ఎలా నడుస్తాయో శక్తి రూపంలో లెక్క కట్టినవాడు రేమండ్ లిండెమన్. అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సును అతడు ఏళ్ల తరబడి పరిశీలించాడు. నాచు ఎంత ఎండను పట్టుకుంది, నాచును తిన్న పురుగుకు అందులో ఎంత దక్కింది, పురుగును తిన్నదానికి ఎంత మిగిలింది అని అడుగుతూ పోయాడు. 1942లో అచ్చయిన ఆ వ్యాసాన్ని మొదట పరిశీలకులు వద్దన్నారు. ఆధారాలను మించి సిద్ధాంతం ఉందన్నది వారి అభ్యంతరం. హచిన్సన్ అనే పెద్ద శాస్త్రవేత్త గట్టిగా నిలబడ్డాక పత్రిక దాన్ని తీసుకుంది. అచ్చు కాకముందే, ఇరవై ఏడేళ్లు నిండకుండానే లిండెమన్ చనిపోయాడు. పరిశీలకుల చేతుల్లో వ్యాసం పెట్టి ఎదురుచూసే పరిశోధక విద్యార్థులకు ఈ ఉదంతం ఒకసారి వింటే మరపుకు రాదు.

అతని లెక్క నుంచి వచ్చినదే మనం బడిలో చదివిన పది శాతం సూత్రం. ఒక పోషణ స్థాయిలో ఉన్న శక్తిలో సుమారు పదోవంతు మాత్రమే పై స్థాయికి చేరుతుంది. అది కచ్చితమైన అంకె కాదు. చోటును బట్టి, జీవిని బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. మిగిలింది ఆ జీవి బతకడానికే ఖర్చవుతుంది, లేదా తినకుండా మిగిలి, చచ్చి, విచ్ఛిన్నకారుల పాలవుతుంది. మొదటి మెట్టులోనే పొదుపు ఎంతో కనిపిస్తుంది. పచ్చని మొక్క తన మీద పడిన ఎండలో ఒక శాతం అటూ ఇటూగా మాత్రమే ఆహారంగా మార్చగలదు.

ఇక్కడ పరిభాష గురించి ఒక మాట. ఆవరణ శాస్త్రంలో పచ్చని మొక్క ఒక్కటే ఉత్పత్తిదారు. మిగిలినవన్నీ వినియోగదారులు. మన వాడుకలో వినియోగదారుడంటే దుకాణం ముందు నిలబడ్డ మనిషి, ఉత్పత్తిదారుడంటే రైతు. కవిత్వంలో అన్నదాత అనిపించుకునే మనిషి ఈ శాస్త్రంలో వినియోగదారుల వరుసలో కూర్చుంటాడు. ఇది అతన్ని తక్కువ చేయడం కాదు. అన్నం పెట్టింది ఎవరు అన్న ప్రశ్నకు రెండు శాస్త్రాలు రెండు జవాబులు చెప్తాయని గమనిస్తే చాలు. రైతు ఎండను పట్టలేడు. ఎండను పట్టే ఆకుకు నీళ్లు పెట్టగలడు, దానికి తన కండరాన్నీ ఎద్దు కండరాన్నీ ఖర్చు చేయగలడు. తెలుగు పాట పుట్టింది ఈ ఖర్చు దగ్గరే.

చెరువులో రెండు కదలికలు

మెదక్ జిల్లా రామాయంపేట ప్రాంతంలో చెరువు కట్ట మీద నిలబడితే ఈ భేదం కళ్లకు కడుతుంది. వానకు చెలకల మీది మెత్తటి మట్టి కొట్టుకొచ్చి చెరువులో పూడికగా చేరుతుంది. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు ఆ మట్టిని బండ్ల మీద తోలి మళ్లీ చెలకలో పోయడం పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక మట్టిని రైతుల పొలాలకు చేర్చడం అందులో ముఖ్యమైన భాగం. చేను పోగొట్టుకున్న సారం చేనుకు తిరిగి వచ్చింది. ఇది చక్రం. తెగిపోయిందనుకున్నది అతికింది.

అదే మట్టిని మోసిన శక్తిని చూడండి. పాత బండిని లాగిన ఎద్దు, అదే ఊరి శిఖంలో ఆ ఏటి వానకు మొలిచిన గడ్డి మేసింది. 2015 తర్వాత మట్టిని తవ్వినది జేసీబీ, తోలినది ట్రాక్టరు. అందులో మండిన డీజిల్ కోట్ల సంవత్సరాల కిందటి ఎండ. మట్టి తిరిగి వచ్చింది గాని, దాన్ని తెచ్చిన శక్తి ఈ చెరువుకు చెందినది కాదు, మళ్లీ రాదు కూడా. చెరువు నిండింది కాబట్టి పాత ఊరు తిరిగి వచ్చిందని రాసే వ్యాసకర్త ఈ రెండో కదలికను చూడలేదన్నమాట.

పది శాతం సూత్రం చేపల అంగట్లోనూ తెలుస్తుంది. చెరువులో పెంచే బొచ్చ, రోహు చేపలు ఆహారపు గొలుసులో కింది మెట్ల మీదివి. నీటిలో తేలే సూక్ష్మజీవులు, నాచు, మొక్కల తుక్కు వాటి తిండి. కొర్రమీను అలా కాదు, అది చిన్న చేపలనూ కప్పలనూ పట్టి తింటుంది. అంటే మరో మెట్టు పైన ఉంది. ఒకే చెరువు బొచ్చను ఇచ్చినంత కొర్రమీనును ఇవ్వలేదు. కొర్రమీను ధర ఎందుకు ఎక్కువని అడిగితే రుచి అంటాం, వైద్యం అంటాం. ఆ ధరలో లిండెమన్ లెక్క కూడా కొంత ఉంది.

కవిత ఇంధనమా?

సాహిత్యంలోకి శక్తి భావనను తెచ్చిన మొదటి విమర్శకుడిగా విలియం రూకెర్ట్‌ను చెప్పుకుంటాం. 'ఎకోక్రిటిసిజమ్' అన్న పేరు పెట్టింది ఆయనే, 1978 నాటి ఒక వ్యాసంలో. కవిత నిల్వ ఉన్న శక్తి అనీ, చదవడం ఆ శక్తి పాఠకునికి చేరడమనీ ఆయన ప్రతిపాదన. బొగ్గు, చమురు వాడితే అయిపోతాయి, కవిత ఎంతమంది చదివినా అయిపోదు, అందుకే అది తరగని ఇంధనం అన్నాడు. ఉత్సాహం కలిగించే మాటే. మన వ్యాసాల్లో కూడా దీన్ని తలచుకుంటూనే ఉంటారు.

నాకు ఈ ఉపమానం సరిగ్గా కీలకమైన చోటే తప్పినట్టు తోస్తుంది. ప్రతి బదిలీలోనూ నష్టం ఉండటం శక్తి స్వభావం. నష్టం లేని బదిలీ ఉంటే పిరమిడ్ ఉండదు, అడవిలో జింకలెన్నో పులులన్ని ఉండేవి. కవిత పదిమందికి చేరితే పదోవంతుకు తగ్గదు. కాబట్టి కవిత ఏదైనా కావచ్చు గాని శక్తి కాదు. పోలిక తప్పనిసరైతే విత్తనంతో పోల్చవచ్చు. విత్తనంలో ఉన్న శక్తి కొంచెమే, దాని విలువ అది మోసుకొచ్చే సమాచారంలో ఉంది. మొలిచాక కావలసిన శక్తిని అది బయటి ఎండ నుంచి తీసుకుంటుంది.

అయితే రూకెర్ట్ ప్రశ్నను పారేయనక్కరలేదు, తిప్పి అడిగితే చాలు. కవిత శక్తేనా అని అడగడం మాని, కవిత లోపల శక్తి ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతున్నదని అడగాలి. ఈ పాట పాడినవాళ్లు ఏం తిన్నారు? ఈ పని ఎవరి ఒంటితో జరిగింది? ఈ కథలో ఎవరి మిగులు ఎవరికి తిండి అయింది? ఈ ప్రశ్నలకు జవాబు రచనలోనే ఉంటుంది, వెతకాలి అంతే.

మోట, రోకలి, నాటు

జానపద గేయాల మీద పరిశోధన మొదలైన నాటి నుంచి శ్రామిక గేయాలకు ప్రత్యేక స్థానం ఉంది. బిరుదురాజు రామరాజు గారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడింది. ఆ తర్వాత వచ్చిన వర్గీకరణలన్నిటిలోనూ మోట పాట, దంపుడు పాట, తిరుగలి పాట, నాటు పాట, కలుపు పాట అన్న పేర్లు కనబడతాయి. పని శ్రమను మరపించడానికి పాట అన్నది అందరూ చెప్పే వివరణ. అది నిజమే కాని అసంపూర్ణం. శ్రామిక గేయం శ్రమను మరపించడమే కాదు, శ్రమను కొలుస్తుంది. మోట తోలేవాడి పాట ఎద్దులు దిగుడున దిగే నడకకు, బొక్కెన నిండి పైకి వచ్చే వ్యవధికి కట్టుబడి ఉంటుంది. ఇద్దరు స్త్రీలు ఒకే రోట్లో రోకళ్లు వేస్తున్నప్పుడు పాట తప్పితే రోకలి తప్పుతుంది. ఒంటి శక్తిని ఎంత వేగంతో ఖర్చు చేయాలో నిర్ణయించేది అక్కడ లయ. కనుక ఈ గేయాల ఛందస్సు కండరంలో ఉంది. వీటిని కండర శక్తి మీద బతికిన ప్రక్రియలుగా గుర్తించాలని నా ప్రతిపాదన.

అలా గుర్తిస్తే వాటి మరణానికి కారణం కూడా వేరుగా తెలుస్తుంది. పాశ్చాత్య వ్యామోహం వల్లనో, సినిమా పాట వల్లనో అవి పోయాయని చెప్పడం మనకు అలవాటు. మోట పాట కరెంటు మోటారుతో పోయింది. దంపుడు పాట రైసు మిల్లుతో పోయింది. అంటే కిందినున్న శక్తి వనరు మారింది, మీదినున్న ప్రక్రియ కూలింది. మోటారుకు లయ అక్కరలేదు, మీట నొక్కితే చాలు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చాక రాత్రిళ్లు కరెంటు కోసం బావి దగ్గర కాపలా పడుకోవలసిన అవసరం తగ్గింది. పాము కాటుకూ, కరెంటు షాకుకూ భయపడుతూ గడిపిన ఆ రాత్రుల మీద మన ప్రాంతంలో కథలు వచ్చాయి గాని పాటలు పెద్దగా రాలేదు. ఎదురుచూపు కథకు పనికివచ్చింది. దానిలో ఒంటి కదలిక లేదు కనుక పని పాటకు చోటు లేకపోయింది.

పారిశ్రామిక దేశాలవారు తినే బంగాళాదుంపలో కొంత చమురే ఉందన్న అర్థంలో హోవార్డ్ ఓడమ్ 1971లో ఒక మాట అన్నాడు. ఎరువు, యంత్రం, రవాణా అన్నీ కలిపి చూస్తే అది నిజం. ఆ లెక్కన బోరు కింద పండిన మా రామాయంపేట వరి అన్నంలో కొంత సింగరేణి బొగ్గు ఉంది. వరి ఆకు పట్టేది నేటి ఎండనే, దాని వేరుకు నీరు చేర్చిన శక్తి మాత్రం పాత ఎండ.

ఈ వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా చెప్పాలి. నాటు ఇంకా చాలా చోట్ల చేతితోనే పడుతున్నది. కండరం అక్కడే ఉంది. కాని ఈ మధ్య తెలంగాణ పొలాల్లో నాట్లు వేయడానికి బీహారు, బెంగాలు నుంచి ముఠాలు వస్తున్నాయి. శక్తి వనరు మారలేదు, భాష మారింది. వాళ్ల నోట పాట ఉంటే అది మన గేయ సంకలనాల్లోకి రాదు. శక్తి ఒక్కటే ప్రక్రియను నిర్ణయిస్తుందంటే ఇక్కడ తప్పు పడతాం. కూలి రేటు, వలస, ఒకే ఊరివాళ్లు ఒకే మడిలో దిగడం, ఇవన్నీ అందులో కలిసి ఉన్నాయి.

చల్లారిన కొలిమి

2002లో వచ్చిన 'కుబుసం' సినిమా ద్వారా గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట తెలుగు నేలంతా తెలిసింది. ప్రపంచీకరణ మీద వచ్చిన గొప్ప నిరసన గేయంగా దాన్ని గురించి విస్తారంగా రాశారు. అందులో ఒక్కొక్క వృత్తి మూగబోవడాన్ని కవి వరుసగా చూపుతాడు. కుమ్మరి వామి, కమ్మరి కొలిమి ఆ వరుసలోవే. విమర్శకులు వీటిని వృత్తుల జాబితాగా చదివారు. నాకు ఇవి రెండూ నిప్పు ఉండే చోట్లుగా కనిపిస్తాయి. వామి కట్టెతో, చిదుగులతో కాలుతుంది. కొలిమి బొగ్గుతో మండుతుంది. ఆ కట్టె, ఆ బొగ్గు చుట్టుపక్కల తుప్పల నుంచి వచ్చినవే, అంటే కొన్నేళ్ల కిందటి స్థానిక ఎండ. వీటి స్థానంలో వచ్చిన ప్లాస్టిక్ బిందె, కర్మాగారపు నాగలి కర్రు వేరే చోట, వేరే శక్తితో తయారైనవి. వెంకన్న తన పాటలో కనబడని కుట్ర అన్నదానికి ఇంతకంటే స్పష్టమైన భౌతిక రూపం చూపడం కష్టం. నిప్పు ఊరు విడిచిపోయింది.

వాడకం లేని వామిలో తుమ్మ మొలవడం ఆ పాటలోని ఒక చిత్రం. దాన్ని శిథిలతకు గుర్తుగా తీసుకుంటాం. ఆవరణ శాస్త్రం దాన్ని అనుక్రమం అంటుంది. మనిషి వదిలిన చోటును మొదట ఆక్రమించేవి ఇలాంటి మొండి మొక్కలే. పాటలో ఏడుస్తున్నది పల్లె. తుమ్మ మాత్రం తన ఎండను తాను పట్టుకుంటూ ఉంది. కవి ఉద్దేశించాడో లేదో గాని, మానవ సమాజపు విషాదమూ ప్రకృతి విషాదమూ ఒకటే కావని ఆ చిత్రం చెప్తుంది. మన పర్యావరణ విమర్శ ఈ రెంటినీ ఒకటి చేసి చదవడానికి అలవాటు పడింది.

బతుకమ్మ గురించి కూడా ఇదే జాగ్రత్త అవసరం. తంగేడు, గునుగు నీళ్లలో కలిస్తే చెరువు శుద్ధి అవుతుందని వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో తరచుగా చెప్తారు. నీటిలో వేసిన ఏ ఆకైనా పువ్వైనా కుళ్లేటప్పుడు విచ్ఛిన్నకారులు నీటిలో కరిగిన ప్రాణవాయువును వాడుకుంటాయి. పెద్ద చెరువుకు అది లెక్కలోకి రాదు. చిన్న కుంటకు భారమే కావచ్చు. పండుగ గొప్పదనాన్ని నిలబెట్టడానికి ఈ వాదం అక్కరలేదు. గునుగు జొన్న చేలలో, బీళ్లలో తనంతట తాను పెరిగే కలుపు. తంగేడు ఎవరూ నీరు పెట్టని మెట్ట నేలది. సాగు లెక్కలోకి రాని ఈ పూలను స్త్రీలు పేర్చి చెరువుకు తెస్తారు. ఎండాకాలం చెరువు మట్టి చేనుకు పోతుంది, బతుకమ్మ నాడు చేని పువ్వు చెరువుకు వస్తుంది. పదార్థ చక్రంలో ఎదురెదురు దారులివి. కలుపు మందుల వల్ల చేలలో గునుగు తగ్గి, పూలు కొనుక్కోవలసి రావడం ఈ పండుగ పాటల పరిశోధకులు పట్టించుకోవలసిన మార్పు.

నీటి జీవి, అడవి జీవి

ప్రాచీన సాహిత్యంలో పర్యావరణ శాస్త్రం అంతా ఉందని నిరూపించే వ్యాసాలంటే నాకు భయం. అయినా పోతన గజేంద్ర మోక్షంలో ఒక చోట ఆగకుండా ఉండలేను. కథ మొదలు కాకముందే పరీక్షిత్తు అడుగుతాడు, నీళ్లలో తిరిగేదానికీ అడవిలో తిరిగేదానికీ అసలు పోరాటం ఎలా వచ్చిందని. రెండు ఆవరణాల జీవులు ఒకచోట కలవడం వివరణ కావలసిన సంగతి అని ఆ శ్రోతకు తెలుసు. జవాబు దాహం. ఏనుగుల మంద నీటికి వచ్చింది.

తర్వాత పోరులో మొసలి బలం పెరుగుతూ పోతుంది, ఏనుగు బలం తరుగుతూ పోతుంది. సంస్కృత మూలంలోనూ గజేంద్రుని బలానికి కలిగినది వ్యయమనే చెప్పారు. ఇది భక్తి కథకు అవసరమైన మలుపు. ఏనుగు తన బలం మీద ఆశ వదులుకోకపోతే శరణాగతి లేదు. కాని కవి ఆ క్షయాన్ని శాపంగా గాని, మాయగా గాని చూపక స్థానబలంగా చూపాడు. పెద్ద ఏనుగు రోజుకు వంద కిలోలకు మించిన మేత మేయాలి, వేడి నెత్తురు జంతువు కనుక ఊరికే నిలబడినా శక్తి ఖర్చవుతూనే ఉంటుంది. మొసలి ఒంటి వేడిని ఎండ నుంచి తీసుకుంటుంది. నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఎక్కువ కాలం సాగే ఏ పోరులోనైనా ఈ రెంటిలో ముందు అలసిపోయేది ఏదో చెప్పనక్కరలేదు. పోతనకు ఈ లెక్క తెలుసనడం లేదు. జంతువులను శ్రద్ధగా చూసినవాడి ఊహ లెక్కకు విరుద్ధంగా పోలేదంటాను.

తుక్కు మీద బతుకు

ఆహారపు గొలుసు అంటే గడ్డి, జింక, పులి అని చెప్తాం. వాస్తవానికి చాలా ఆవరణ వ్యవస్థల్లో ఎక్కువ శక్తి ప్రవహించేది రెండో దారిలో. రాలిన ఆకు, చచ్చిన జంతువు, పేడ, మలం, వీటి మీద బతికే పురుగులు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు, రాబందులు. ఇది తుక్కు గొలుసు. ఈ దారి మూసుకుపోతే ఏమవుతుందో రాబందుల విషయంలో దేశం చూసింది. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు ఉన్న కళేబరాలు తిని అవి లక్షల్లో చచ్చాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు.

ఊరు కూడా ఒక ఆవరణ వ్యవస్థ అనుకుంటే, దాని తుక్కు గొలుసు దగ్గర ఎవరిని నిలబెట్టారన్న ప్రశ్న వస్తుంది. చచ్చిన గొడ్డును ఎవరు లాగాలి, మలం ఎవరు ఎత్తాలి, ఊరి మురికి మీద బతికే పందిని ఎవరు మేపాలి. ప్రకృతిలో విచ్ఛిన్నకారికి అంటు లేదు. మన సమాజం ఆ పనిని కులానికి అంటగట్టింది. పాత పల్లె సమతుల్యమైన ఆవరణ అని పొగిడే విమర్శ ఈ మెట్టును చూడకుండా దాటిపోతుంది. ఎద్దు గడ్డి మేసి బండి లాగిన ఊరే ఇది కూడా. స్థానిక శక్తి మీద నడిచింది కాబట్టి న్యాయంగా నడిచిందని కాదు.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నవలికను ఈ ప్రశ్నతో చదివితే దాని బలం రెట్టింపవుతుంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఆయన వైద్యుడిగా పనిచేసింది నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి కుష్ఠు వ్యాధి ఆసుపత్రిలో. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదిదే ఆ డిచ్‌పల్లి. నవలికలో పందులు మేపుకునే వృద్ధుడు ఇంటికి రాని చూలు పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఊరి తుక్కు గొలుసు చివర బతికే మనిషి, అడవి ఆహారపు గొలుసులోకి అడుగు పెట్టాడు. దీన్ని మనిషికీ ప్రకృతికీ మధ్య పోరాటంగా, హెమింగ్వే ముసలివాడికి తెలుగు తోబుట్టువుగా చదివారు. ఆ పోలికలో ఒక తేడా మరుగున పడింది. హెమింగ్వే ముసలివాడు సముద్రంలో పట్టిన చేప సముద్రానిదే. ఇక్కడ పంది అడవిది కాదు. ఊరి మురికి మాంసంగా మారి, ఈనడానికి అడవికి వచ్చింది. వేటాడే జంతువులకు అది అడగకుండా వచ్చిన విందు. ఈనిన పందికి ఇప్పుడు మేపినవాడికీ వేటగాడికీ తేడా లేదు, దగ్గరికి వచ్చే ప్రతిదీ శత్రువే. యజమాని అన్న హోదా ఊరి హద్దు దాటగానే చెల్లకుండా పోయింది. అడవిలో అతడు ఇంకొక మాంసాహారి మాత్రమే, అదీ ముసలిది. శీర్షికలోని 'జయించాడు' అన్న మాటలో వినిపించే వ్యంగ్యం ఇక్కడి నుంచే వస్తుందని నా అభిప్రాయం.

పెద్దింటి అశోక్ కుమార్ 'జిగిరి' దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. ఇక్కడ అడవి జంతువే ఊరికి వచ్చింది. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం, అతని భార్య బీబమ్మ, కొడుకు చాంద్. ఎలుగు ఆడితే గింజలు, పైసలు, వాటితో అందరికీ తిండి, ఎలుగుకూ అందులోనే. జంతువును ఆడించడాన్ని చట్టం ఒప్పుకోదు. ఎలుగును వదిలించుకుంటే భూమి వస్తుందన్న ఆశ ఇంట్లో చిచ్చు పెడుతుంది. విమర్శకులు ఈ నవలలో మనిషికీ జంతువుకూ మధ్య ఉన్న ప్రేమను చూశారు. ప్రేమ ఉంది, అందులో సందేహం లేదు. దాని కింద తిండి లెక్క కూడా అంత గట్టిగానే ఉంది.

అడవిలో ఎలుగు చెదపుట్టలు తవ్వుతుంది, తేనె తింటుంది, ఇప్పపూలు, పళ్లు ఏరుకుంటుంది. ఇవన్నీ కాలాన్ని బట్టి, చోటును బట్టి మారే వనరులు. ఏ నెలలో ఎక్కడ వెతకాలో తల్లి వెంట తిరిగితేనే తెలుస్తుంది. చిన్ననాడే మనిషి చేతికి వచ్చిన ఎలుగుకు ఆ చదువు లేదు. దానికి తెలిసిన చెదపుట్ట ఇమాం గిన్నె. కాబట్టి దాన్ని అడవిలో వదలడమంటే ఇంటికి పంపడం కాదు, తిండి దారి లేని చోట దించడం. చట్టం ఎలుగును అడవి జీవిగా చూసింది. నవల దాన్ని ఇమాం ఇంటి పోషణ స్థాయిలో ఉన్న జీవిగా చూసింది. చట్టాన్ని తప్పుపట్టలేం, పిల్లలను పట్టడానికి తల్లి ఎలుగులను చంపే వ్యాపారాన్ని అది ఆపవలసిందే. అయితే ఇప్పటికే గిన్నెకు అలవాటుపడ్డ జంతువు సంగతి ఏమిటని నవల అడుగుతుంది. ఇంట్లో వాళ్లకు ఎదురైన ప్రశ్న కూడా అదే జాతిది. ఎలుగును ఆడించిన కుటుంబానికి ఎకరాలు చేతికి వచ్చినా దుక్కికి ఎద్దు, బావికి మోటారు, మొదటి పంట వచ్చేదాకా గింజలు ఎక్కడి నుంచి వస్తాయి? బీబమ్మకూ చాంద్‌కూ భూమి కనిపిస్తున్నది. ఇమాంకు ఆ సాయంత్రపు గిన్నె కనిపిస్తున్నది, గిన్నె ముందు కూర్చున్న నాలుగో ప్రాణం కనిపిస్తున్నది.